పాసిర్ రిస్‌లో మా నాన్న చోటు

కాదండీ, మళ్ళీ అదే మాట అంటారేంటి? అమ్మ రెండో పెళ్ళి చేసుకున్నందుకు కాదు నా కోపం. మూడేళ్ళ నుంచీ కనబడిన ప్రతివాడూ "పోనీలేరా కిరణ్, ఆవిడకీ ఒక తోడు కావాలి కదా" అని నాకే నచ్చజెబుతున్నాడు. తోడు కావాలి, ఒప్పుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం పెట్టిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. బతికున్నన్నాళ్ళకి చేసుకుంది, బాగుంది. చచ్చిపోయాక కూడానా? అదీ నేను అడిగేది.

మొదటినుంచీ చెప్తాను, లేకపోతే మీరూ వాళ్ళలాగే మాట్లాడతారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయారు. వైజాగ్ ద్వారకానగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఆయనది. ఆ మరుసటేడు తెల్లచొక్కాలు, టైలు, జేబు మీద నల్ల పేరుబిళ్ళలు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కి వచ్చారు. మోర్మన్లు. చావుతో కుటుంబం తెగిపోదు అని వాళ్ళు చెప్పిన ఒక్క మాట పట్టుకుని అమ్మ వాళ్ళ చర్చిలో చేరింది. అంటే నాన్న కోసమే చేరింది. నేనూ రెండేళ్ళు ఆమె వెనకాల తిరిగి, ఆదివారం క్రికెట్ పోతోందని మానేశాను. బాప్తిస్మం తీసుకోలేదు.

చర్చి పని మీద వైజాగ్ వచ్చినప్పుడు ఆమెకు రావు అంకుల్ పరిచయమయ్యాడు. సింగపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన. ముత్తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళాడట. ఆయన స్కూల్లో వ్యాయామం మాస్టారు. భార్య చాలా ఏళ్ళ క్రితం పోయింది, మీరా అని పదిహేడేళ్ళ కూతురుంది. పెళ్ళయ్యాక అమ్మ సింగపూర్ వెళ్ళిపోయింది. నేను వైజాగ్‌లో ఒక కాల్ సెంటర్‌లో పనిచేస్తూ ఇద్దరు ఫ్రెండ్స్‌తో రూములో ఉంటున్నాను.

ఆ మధ్య అమ్మ ఫోన్ చేసింది. "పాసిర్ రిస్‌లో మా టెంపుల్ కట్టడం అయిపోయిందిరా. ఇప్పుడు అందర్నీ చూడనిస్తున్నారు. ప్రతిష్ఠ అయిపోతే నిన్ను లోపలికి రానివ్వరు, ఈలోపే వచ్చి చూడు. నేను సీలింగ్ చేయించుకుందామనుకుంటున్నాను..."

ఆ మాటతో ఫోన్ కట్ చేశాను. సీలింగంటే ఏంటో నాకు చిన్నప్పుడే తెలుసు. వాళ్ళకి ఆదివారం ప్రార్థన జరిగే చర్చి వేరు, టెంపుల్ వేరు. మామూలు పెళ్ళి చావుతో అయిపోతుంది. టెంపుల్లో బల్లకి అటొకరూ ఇటొకరూ మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చెయ్యి పట్టుకుని చేయించుకున్న పెళ్ళి చచ్చాక కూడా చెల్లుతుంది. దానికి ముద్ర పడిపోయినట్టే. పైగా బతికున్న ఆడమనిషికి ఆ ముద్ర ఒక్క మగాడితోనే. మరి మా నాన్న? శాశ్వతంగా ఒంటరిగా కూర్చుంటాడా? ఆ సాయంత్రమే వీసా కోసం ఏజెంట్ దగ్గరికి వెళ్ళాను. చూడ్డానికి కాదు, ఆపడానికి.

వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, ఏజెంట్ చేస్తాడు, అక్కడున్నవాళ్ళ ఉత్తరం ఒకటి జత చేస్తే మంచిది. వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉంది. గురువారం రాత్రి ఎక్కి శుక్రవారం తెల్లారేసరికి చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాను. పక్క సీట్లో కాకినాడ కుర్రాడు, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడట. ఎక్కడికి వెళ్తున్నావు బ్రో అంటే మోర్మన్ టెంపుల్ చూడ్డానికి అన్నాను.

"మోర్మన్లంటే నలుగురు పెళ్ళాలుంటారు కదా బ్రో?"

"అది ఎప్పటి మాటో. ఇప్పుడు ఒక్కరే. ఆ ఒక్కరూ మా అమ్మే."

అతను హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు, దిగేదాకా తియ్యలేదు.

బయట అమ్మ నిలబడి ఉంది. సన్నబడింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను, "ఫోన్ ఎందుకు కట్ చేశావురా ఎదవా" అంది. ఇక్కడ ట్రైన్ టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటు మీద ఆనిస్తే చాలు. మన కార్డుకి బ్యాంకువాడు అదనంగా కోస్తాడు కాబట్టి అక్కడి కార్డొకటి తీసుకోవడం మేలు. అమ్మ నాకు ముందే ఒకటి తెచ్చింది, దాని మీద పిల్లి బొమ్మ.

"ఎవరిదిది?"

"మీరాది. పాతది."

ఆ పిల్లి కార్డుతోనే వారమంతా తిరిగాను. తానా మేరాలో ఒకసారి, తర్వాత ఇంకో రెండుసార్లు ట్రైన్ మారి సెంగ్‌కాంగ్ చేరేసరికి గంట పైనే పట్టింది. అక్కణ్ణుంచి ఎల్‌ఆర్‌టీ అని, రెండు పెట్టెల బొమ్మ రైలు ఒకటి డ్రైవర్ లేకుండా అపార్ట్‌మెంట్ల మధ్య గిరగిరా తిరుగుతుంది. దారంతా సీలింగ్ సంగతి ఎత్తుదామని చూశాను. ఆమె మాత్రం "అదిగో అక్కడ కూరగాయలు చవక", "అదిగో మీరా చిన్నప్పటి స్కూలు" అంటూనే ఉంది. నా చిన్నప్పటి స్కూల్ని ఎవరికైనా ఇలా చూపించిందా అని లోపల ఒకటే మంట.

పన్నెండో అంతస్తులో ఫ్లాట్. రావు అంకుల్ తలుపు తీశాడు. యాభై నాలుగేళ్ళట. నాకు ఇరవై మూడు, అప్పుడే పొట్ట వచ్చింది, ఆయనకి లేదు. దీనిక్కూడా కుళ్ళుకోవాల్సి వచ్చింది.

"వాప్పా, రా! మకాన్ అయ్యిందా? లేదా? రా, కూచో, ఫస్ట్ తిను, తర్వాత మాటలు." ఆయన తెలుగులో సగం తమిళం, కొంచెం మలయ్. తిండిని ఇక్కడ మకాన్ అంటారు. ఆ పాత శ్రీకాకుళం యాస అడుగున ఎక్కడో మిగిలుంది.

టేబుల్ మీద ఇడ్లీ, సాంబారు, పక్కనే ఎండుచేపల సంబల్ పచ్చడి. నేను తల వంచుకుని తింటూ గోడ వైపు చూశాను. ఒక ఫోటో, పూలదండ లేదు, చక్కటి ఫ్రేము. తెల్లబట్టల్లో అంకుల్, పక్కన ఒకావిడ, వెనకాల శిఖరం ఉన్న భవనం. మీరా వాళ్ళ అమ్మ. నాన్న ఫోటో కోసం హాలంతా వెతికాను. లేదు.

మీరా కాలేజీ యూనిఫాంలో వచ్చి, "హాయ్ అన్నా," అని నాకు చెయ్యూపి, "అమ్మా, మై సాక్స్ వేర్?" అంది.

అమ్మా. ఆంటీ కాదు. అమ్మ లేచి వెళ్ళి ఏ సొరుగులోంచో సాక్సులు తీసి ఇచ్చింది, వెతక్కుండా.

శనివారం టెంపుల్ చూపించడానికి ఆఖరి రోజు. అంకుల్ పొద్దున్నే వాలంటీర్ పనికి వెళ్ళిపోయాడు. అమ్మా నేనూ ఎనిమిదిన్నరకి బస్సెక్కాం. సెంగ్‌కాంగ్ నుంచి పాసిర్ రిస్‌కి బస్సు నేరుగానే ఉంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే చెట్ల కొమ్మలు అద్దాన్ని రాసుకుంటూ పోతుంటాయి, వీడియో బాగా వస్తుంది. నా వెనక సీట్లో తమిళ పెద్దాయనొకడు మేమెక్కడికో విని, "అందరికీ తలుపు తీసే గుడి చూశాను, తర్వాత మూసేసే గుడి ఇదే చూడ్డం," అన్నాడు. అమ్మకి కోపం వచ్చింది. "మూసెయ్యరండీ. ముందు సిద్ధపడి రమ్మంటారు, అంతే." నాకు ఆ పెద్దాయన నచ్చాడు.

లేతరంగు గోడలు, సన్నగా పైకి లేచిన శిఖరం, చుట్టూ కత్తిరించినట్టున్న గడ్డి. నాలుగు ఫోటోలు తీసేసరికి వరుసలో నిలబెడుతున్న వాలంటీర్ అమ్మాయి నవ్వుతూ, లోపల ఫోటోలు కుదరవు, ఫోన్ జేబులో పెట్టుకోండి అంది. వెళ్ళేవాళ్ళకి నా సలహా, తియ్యాల్సినవన్నీ బయటే తీసేసుకోండి. ఒక గుడారంలో చిన్న వీడియో చూపించారు. లోపల చేసేవన్నీ యేసు పేరు మీదేనని, ఇక్కడ చేసుకున్న ప్రమాణాలు దేవుడి దగ్గరిదాకా నిలుస్తాయని అందులో చెప్పారు. తర్వాత గుమ్మం దగ్గర బెంచీల మీద కూర్చోబెట్టారు. కార్పెట్లు మాయకుండా చెప్పుల మీద తెల్లటి ప్లాస్టిక్ తొడుగులు వెయ్యాలి. అవి వేసేది వాలంటీర్లే. మా బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నది రావు అంకుల్.

"కాలు ఇవ్వు."

"నేను వేసుకుంటాను అంకుల్."

"ఉళ్ళే, లోపలికి పోవాలంటే ఇది నా పని, తంబీ. ఇవ్వు."

నా పాదం ఒడిలో పెట్టుకుని తొడుగు వేశాడు. ముందున్న బామ్మకి ఎంత జాగ్రత్తగా వేశాడో నాకూ అంతే జాగ్రత్తగా. ఆ పెద్దరికం కూడా నాకు నచ్చలేదు. దెబ్బలాడ్డానికి వచ్చినవాడి కాలు అలా పట్టుకుంటే ఇంకెలా దెబ్బలాడను?

గుంపుగా తీసుకెళ్ళారు. మా ముందు నడిచింది ఒక చైనీస్ ఆంటీ. మొదట బాప్తిస్మపు తొట్టి. ఎంత పెద్దదనుకున్నారు? పన్నెండు ఎడ్ల బొమ్మల వీపు మీద మోయించారు, ఇజ్రాయేల్ పన్నెండు గోత్రాలట. ఇక్కడ బాప్తిస్మం బతికున్నవాళ్ళకి కాదు, పోయినవాళ్ళకి. వాళ్ళ పేరు చెప్పి వాళ్ళ బదులు ఎవరో బతికున్న మనిషి నీళ్ళలో మునుగుతాడు. అందుకే వీళ్ళు తాతముత్తాతల పేర్లు అంత పట్టుదలగా వెతుకుతారు. "పోయినవాళ్ళు వద్దనుకుంటే?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆంటీ నవ్వింది. "కెన్. దే కెన్ సే నో. వీ జస్ట్ నాక్ ది డోర్."

తర్వాత తెల్లబట్టలు వేసుకుని కూర్చుని పాఠంలా వినే గదులు, వాటి తర్వాత పెద్ద హాలు. తెల్లటి సోఫాలు, గాజు దీపాలు, పువ్వులు, మాట లేదు. స్వర్గం ఇలా ఉంటుందని కట్టారట. బయట సింగపూర్ ఎండ, అక్కడ మాత్రం ఏసీ శబ్దం కూడా లేదు. మన గుళ్ళలో గంటా, మైకూ, తోపులాటా ఉంటేగానీ నాకు గుడిలా అనిపించదు. అయినా ఆ హాలు నన్ను కాసేపు ఊరుకోబెట్టింది, అబద్ధమెందుకు.

చివరిది సీలింగ్ గది. మధ్యలో మెత్తటి గుడ్డ పరిచిన బల్ల, చుట్టూ మోకరించడానికి దిండ్లు. ఎదురెదురు గోడలకి నిలువెత్తు అద్దాలు. ఒకదాంట్లో ఇంకోటి, దాంట్లో మళ్ళీ ఇది, ఎక్కడా అంతం కనబడదు. పెళ్ళికి అంతం లేదని చెప్పడానికే అలా పెట్టారు. తొడుగుల డ్యూటీ అయిపోయిందేమో, అంకుల్ కూడా అప్పటికి మా వెనకాల చేరాడు. అమ్మ బల్లకి ఇటు నిలబడింది, ఆయన అటు. ఊరికే నిలబడ్డారు, గదిలో చోటు లేక. అద్దంలో చూశాను. అమ్మా ఆయనా, అమ్మా ఆయనా, వరసగా లోపలిదాకా పోతున్నారు. వాళ్ళ మధ్య ఎక్కడో ఒక అంచున నా భుజం ముక్క ఒకటి.

"మరి మా నాన్నెక్కడ?" అన్నాను.

మెల్లగా అన్నాననే అనుకున్నాను. గదిలో అందరూ తిరిగి చూశారు. చైనీస్ ఆంటీకి తెలుగు రాకపోయినా ఏదో అర్థమైనట్టు తలుపు వైపు దారి చూపించింది.

బయట గుడారంలో బిస్కెట్లు, చల్లటి బార్లీ నీళ్ళు పెట్టారు. నేను ముట్టుకోలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఓ మూల కుర్చీలో కుదేసింది. అంకుల్ కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

"అడుగు," అంది అమ్మ. "అక్కడ అరిచావు కదా, ఇక్కడ అడుగు."

నేను ఆయన్నే అడిగాను. "గోడ మీద ఫోటోలో ఉన్న ఆంటీతో మీకు సీలింగ్ అయ్యిందా?"

"ఆమా, అయ్యింది. మనీలా టెంపుల్లో. అప్పుడు మాకు అదే దగ్గర."

"అది పోయిందా, ఉందా?"

"ఉంది. అది పోదు."

"మగాడికి ఇంకోటి కూడా చెల్లుతుంది కదా? అంటే పైకెళ్ళాక మీకిద్దరు. మా అమ్మకి మీరొక్కరు. మా నాన్నకి సున్నా. ఏం పంపకం అంకుల్ ఇది?"

ఆయన నా వైపు తిరిగాడు. స్కూల్లో పిల్లలు బంతి కోసం కొట్టుకుంటే ఎలా చూస్తాడో అలా చూశాడు. అమ్మ మొహం మాత్రం ఎర్రబడింది.

"పంపకం నువ్వు చేస్తావేటిరా? ఫోన్ కట్ చెయ్యకపోతే ఆ రోజే తెలిసేది. సీలింగ్ ఈయనతో అని నీకెవరు చెప్పారు?"

"మరింకెవరితో?"

"మీ నాన్నతోరా!"

పక్క టేబుల్ వాళ్ళు బిస్కెట్లు తినడం ఆపేశారు.

"నేను ఈ చర్చిలోకి ఎందుకొచ్చానో మర్చిపోయాననుకున్నావా? ఈయనకి పెళ్ళికి ముందే చెప్పాను. ఈ జన్మకి మీరు, ఆ తర్వాతికి నా కిరణ్ వాళ్ళ నాన్న. సరేనంటేనే చేసుకుందామన్నాను. సరేనన్నారు."

గెలిచినట్టే కదా? టికెట్టు, వీసా, లీవు, అన్నీ దేనికోసం పెట్టుకున్నానో అది నేను అడక్కముందే జరిగిపోయి ఉంది. "ఒకవేళ నాన్న వద్దంటే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అంటే అక్కడే తేల్చుకుంటాను. నువ్వేం మధ్యలోకి రానక్కర్లేదు."

అంతటితో అయిపోతే ఈ కథనం రాసేవాణ్ణి కాదు. బార్లీ నీళ్ళ గ్లాసొకటి తీసుకున్నాక నాకు ఇంకో అనుమానం వచ్చింది. చచ్చిపోయిన మనిషి బల్ల దగ్గర మోకరించలేడు. ఆయన తరఫున ఎవరో ఒకరు ఉండాలి. బాప్తిస్మం దగ్గర్నుంచీ, తొట్టిలో మునగడం, గదిలో కూర్చోవడం, చివరికి అమ్మ చెయ్యి పట్టుకుని అవునని చెప్పడం, అన్నీ నాన్న పేరు మీద ఇంకొకరు చెయ్యాలి.

"ఎవరు చేస్తారు?"

అమ్మ అంకుల్ వైపు చూసింది. అంకుల్ గడ్డి వైపు చూశాడు.

"నేను," అన్నాడు. "మీ అమ్మ అడిగింది. నేనే చేస్తానన్నాను."

ఇప్పుడు చెప్పండి. సముద్రం ఒడ్డున పుట్టి కూడా మోకాలు దాటిన నీళ్ళంటే భయపడిన మనిషి మా నాన్న. ఆయన బదులు, ఈత కొలనులో పిల్లలకి ఈలేసి నేర్పే ఈయన మునుగుతాడు. మా అమ్మ చెయ్యి ఈయన పట్టుకుంటాడు, మా నాన్న పేరు మీద. నా చోటది.

"నేను చేస్తాను," అన్నాను. "కొడుకుని నేనున్నాను కదా."

"నువ్వు చెయ్యాలంటే ముందు నువ్వు ఇందులో ఉండాలిరా," అంది అమ్మ, ఈసారి మెత్తగా. "నమ్మాలి. బాప్తిస్మం తీసుకోవాలి. ఆ తర్వాత కనీసం ఏడాది ఆగాలి. మీ నాన్న మీద ప్రేమతో నమ్మినట్టు నటించకు. అది నాకూ వద్దు, ఆయనకీ వద్దు."

నేను నమ్మను. నాకు అడ్డం పడ్డ గుమ్మం అదే. అర్హత ఉన్నవాడు బయట, ఏ సంబంధం లేనివాడు లోపల.

తర్వాతి మూడు రోజులు ఊరు చూశాను. హాకర్ సెంటరని, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, అక్కడ టేబుల్ మీద టిష్యూ పేకెట్ పెడితే అది మన చోటు అని లెక్క, చోప్ చెయ్యడం అంటారు. ఫోన్ పెట్టి కూడా వెళ్తారు, ఎవరూ ఎత్తుకుపోరు. నేను మాత్రం నా ఫోన్ పెట్టలేదు. ఒకచోట సీటు దొరక్క నిలబడితే ఒక ముసలాయన "సిట్ లా, సిట్" అని జరిగి చోటిచ్చాడు. బీహూన్ అని బియ్యపు నూడుల్స్, బాగుంది.

బుధవారం మధ్యాహ్నం మీరాకి కాలేజీ లేదు. అన్నకి వుడ్‌ల్యాండ్స్ చూపించు అని అంకుల్ మా ఇద్దర్నీ పంపాడు. ట్రైన్లో నలభై నిమిషాలు పైన. సముద్రపు ఒడ్డున నడకదారి ఉంది, అవతల మలేషియా ఎంత దగ్గరంటే అక్కడి భవనాల కిటికీలు లెక్కపెట్టొచ్చు. వంతెన మీద లారీలు, మోటార్‌సైకిళ్ళు చీమల్లా. రోజూ అటు పడుకుని ఇటు పనికొచ్చేవాళ్ళట. నేను వీడియో తీస్తుంటే మీరా నా ఫోన్‌కి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"యూ గాట్ వాట్ యూ వాంట్. స్టిల్ ఫేస్ ఎందుకు లైక్ దట్?"

"నీకర్థం కాదులే."

"నాకే అర్థం కాదా? అన్నా, లిసన్. మమ్మీ పోయినప్పుడు నాకు ఫోర్. ఫేస్ కూడా ఫోటోలోదే తెలుసు. తర్వాత అమ్మ వచ్చింది. లాస్ట్ ఇయర్ ఫీవర్ వచ్చినప్పుడు త్రీ డేస్ నా బెడ్ పక్కనే కూచుంది."

"నాకు డెంగ్యూ వస్తే వీడియో కాల్‌లో కూచుంది."

"సో? నెక్స్ట్ లైఫ్‌లో షీ ఈజ్ యువర్స్. నీది, మీ డాడ్‌ది. నాకు పాపా ఉన్నారు, మమ్మీ ఉంది, ఓకే. బట్ అమ్మ నాకు ఎవరు అప్పుడు? పక్కింటి ఆంటీయా? నేను ఎవరితో ఫైట్ చెయ్యాలి? నీతోనా?"

కళ్ళు తుడుచుకోలేదు, ఎండకి చికిలించినట్టు చేసింది. నాకు ఆ పిల్లని ఓదార్చాలనిపించాలి. నిజం చెప్తే నాకు ముందు అనిపించింది, మూడు రోజులు, బెడ్ పక్కన, అని. ఆ తర్వాతే జాలి. ఇద్దరం ఐస్‌క్రీం తిన్నాం. డబ్బులు ఆమే ఇచ్చింది, తర్వాత నా కప్పులోది సగం తినేసింది.

"అమ్మని అడుగు," అన్నాను. "పైన గేట్లు ఉంటాయో ఉండవో."

"అడిగాను లా. షీ సెడ్ దేవుడు అంత పిసినారి కాదు."

ఆదివారం ప్రతిష్ఠ. టెంపుల్ కట్టడం అయిపోయినా వీళ్ళ లెక్కలో అది అప్పటిదాకా భవనమే. చర్చి పెద్దలు వచ్చి ప్రార్థన చదివి దేవుడికి అప్పగిస్తేనే గుడి అవుతుంది. ఆ ప్రార్థన తర్వాత అందరూ లేచి తెల్లటి చేతిరుమాళ్ళు ఊపుతూ హోసన్నా అని మూడుసార్లు అంటారట. అది చర్చి సభ్యులకే. నాలాంటివాళ్ళకి కాదు.

శనివారం సాయంత్రం అమ్మ కూర్చుని కొత్త చేతిరుమాళ్ళు ఇస్త్రీ చేసింది. మూడు. మడత మీద మడత పెట్టి టీపాయ్ మీద పేర్చింది. నాకు తెలుసు నాకు ఉండదని. అయినా అడిగాను.

"నాకు లేదా?"

"నువ్వు రాకూడదు కదరా."

"ఇంట్లో కూర్చుని ఊపుకుంటాను."

మీరా పగలబడి నవ్వింది. అంకుల్ నవ్వలేదు, తన రుమాలు తీసి నా ముందు పెట్టాడు. "తీసుకో. నాకు స్కూల్‌ది ఉంది." వద్దన్నాను. ఆయనది నాకెందుకు?

నా విమానం ఆదివారం రాత్రి. వాళ్ళ సెషన్ మధ్యాహ్నం. ఫోన్లు ఆపేసి వెళ్ళాలి కాబట్టి భోజనాల దగ్గరే వీడ్కోళ్ళు అయిపోయాయి. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "నీకు చెప్పకుండా ఆ పని చెయ్యను. తారీఖు చెప్తాను. ఆ పూట ఎక్కడున్నా మీ నాన్నని ఒకసారి తలుచుకో," అంది. తెల్ల డ్రెస్‌లో చాలా చిన్నదానిలా కనిపించింది. నాన్నకి అలాగే తెలిసుంటుంది.

పన్నెండున్నరకి అంకుల్ కోటు, టై వేసుకుని, నా సూట్‌కేసు తనే పట్టుకుని స్టేషన్ దాకా వచ్చాడు. చక్రాలున్నా లాగడు, మోస్తాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ బొమ్మ రైలు వచ్చే వైపు చూస్తూ అన్నాడు:

"తంబీ, ఒకటి అడగనా? మీ నాన్న ఎలాంటోడు?"

"ఎందుకు?"

"అక్కడ నేను ఆయన బదులు కూచోవాలి. ఊరికే పేరు చదివి అవునంటే సరిపోద్ది, అది రూలు. కానీ నాకు ఆయన మొహమే తెలీదు. మీ అమ్మని అడిగితే ఏడుస్తది. ఆయన ఎలా నవ్వేవాడు, కోపం వస్తే ఏటనేవాడు, కొంచెం చెప్తే... మోకరించినప్పుడు ఆయన్ని తలుచుకుని చేస్తాను. ఖాళీగా చెయ్యడం నాకు బాగాలేదు."

ఆయన గొంతులో నటన లేదు. టై ముడి వంకరగా ఉంది. మూడేళ్ళుగా ఈయనకీ తెలుసు, అమ్మ పక్కన తనది రెండో చోటని, అది కూడా ఈ జన్మకేనని. అయినా సరే ఆ మొదటి మనిషి తరఫున నీళ్ళలో మునగడానికి సిద్ధపడ్డాడు. ఆయన కుళ్ళుకోడా? కుళ్ళుకునే ఉంటాడు. ఎక్కడ దాచుకున్నాడో మరి, నాకు మాత్రం కనబడలేదు.

నాకు అన్నీ గుర్తున్నాయి. కస్టమర్ ఫోన్ విప్పే ముందు దానికి దండం పెట్టుకునేవారు. కోపం వస్తే నోరెత్తేవారు కాదు, రేడియో సౌండు పెంచేవారు. నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని, ట్రాఫిక్‌లో హారన్ నా చేత కొట్టించేవారు. నవ్వితే ముందు భుజాలు కదిలేవి, శబ్దం తర్వాత వచ్చేది. అన్నీ నోటిదాకా వచ్చాయి.

"గుర్తులేదు అంకుల్," అన్నాను. "చిన్నవాణ్ణి కదా."

ఆయన తలూపాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. సూట్‌కేసు రైల్లో పెట్టి, తలుపులు మూసుకునే ముందు వీపు మీద ఒకసారి తట్టాడు, ఆటలో ఓడిన పిల్లాణ్ణి తట్టినట్టు.

ట్రైన్లు మారుకుంటూ చాంగీ చేరాను. టైము చూసుకుంటే వాళ్ళ సెషన్ మొదలై ఉంటుంది. అలవాటుగా అమ్మకి మెసేజ్ పెట్టాను, ఒక్క టిక్కే పడింది. మీరాకి పెట్టాను, ఒక్క టిక్కే. నా పక్కన బ్యాగులు సర్దుకుంటున్న మలయ్ ఆంటీ, "గోయింగ్ హోమ్?" అంది. అవునన్నాను. లోపల వాళ్ళు ముగ్గురూ లేచి నిలబడి రుమాళ్ళు ఊపుతూ ఉంటారు. ఆ భవనం ఈపాటికి గుడి అయిపోయి ఉంటుంది.

సింగపూర్ ఎలా ఉంది అని అడిగేవాళ్ళకి: శుభ్రంగా ఉంది, తిండి బాగుంది, వెళ్ళండి. టెంపుల్ ఎలా ఉంది అంటే, అందంగా ఉంది, ఇక బయటినుంచే చూడాలి. దాని లోపల మా నాన్నకి అమ్మ పక్కన చోటు ఖాయమైంది. నేను వెళ్ళిన పని అదే, అయ్యింది. నాన్న పేరు రావు అంకుల్‌కి ఇచ్చేశాను, అమ్మ చెయ్యి ఇచ్చేశాను, నేను మునగాల్సిన నీళ్ళు ఇచ్చేశాను. ఇక ఆ భుజాలు కదిలే నవ్వు ఒక్కటే నా దగ్గర మిగిలింది. అదీ ఇవ్వాల్సిందే అంటారా? మీరైతే ఇచ్చేసేవాళ్ళమని నా కళ్ళలోకి చూసి చెప్పగలరా?